ఆ పాత ఫైలు తీసే ముందు

అమ్మలూ, మీ ఆఫీసు పాత డెబియన్ సర్వరు బాధ్యత నీకిచ్చారని, ఈ శనివారమే దాన్ని అప్‌గ్రేడ్ చేస్తావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది. మొదలుపెట్టే ముందు ఈ మామయ్య మాట ఒకటి విను.

ఈటీసీలో యూడెవ్ రూల్స్ డైరెక్టరీ తెరిస్తే ‘70-పర్సిస్టెంట్-నెట్’ అనే ఫైలుంటుంది. ఏ మ్యాక్ అడ్రసుకు ఈత్0, దేనికి ఈత్1 అన్నది అందులో రాసుంటుంది. కెర్నెల్ ముందు చూసిన కార్డే ఈత్0 అయ్యే రోజుల్లో, రెండు కార్డులున్న యంత్రం రీబూట్ అయితే పేర్లు తారుమారయ్యేవి. అప్పుడు మాకు ఆ ఫైలే దిక్కు. 2013లో సిస్టమ్‌డి 197 వచ్చాక, కార్డు ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ 3వ బస్సు, 0 స్లాటు. డెబియన్ 10 నుంచి పాత ఫైలుకు అధికారికంగా మద్దతు లేదు. కొన్నిచోట్ల ఇంకా పనిచేస్తుంది, కానీ దాన్ని నమ్ముకోకు.

ఒకసారి నేను ఇంటి నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ ఫైలు తీసేసి రీబూట్ కొట్టాను. యంత్రం లేచింది, కార్డు పేరు మారింది, ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో మాత్రం ఈత్0 అనే ఉంది. ఇక లోపలికి పోయే దారే లేదు. తెల్లవారుజామున స్కూటరేసుకుని వెళ్లి, కీబోర్డు తగిలించి, ఒక్క పదం మార్చి వచ్చాను. నీకా అవస్థ వద్దు తల్లీ.

రాబోయే పేరు ముందే తెలుసుకోవచ్చు. యూడెవ్‌ఏడీఎంలో టెస్ట్-బిల్టిన్ నెట్_ఐడీ నడుపు. ఆన్‌బోర్డ్, స్లాట్, పాత్ అని మూడు రకాల పేర్లు చూపించవచ్చు. ఆ వరుసలో ముందు దొరికిందే మామూలుగా నిలిచే పేరు. తర్వాత ఈటీసీ అంతా ఈత్0 కోసం గ్రెప్ చెయ్యి. ఇంటర్‌ఫేసెస్ అందరికీ గుర్తుంటుంది, ఫైర్‌వాల్ రూల్స్, డీహెచ్‌సీపీ సెట్టింగులే మరిచిపోతారు. అన్నీ మార్చాక, పాత ఫైలును చెరిపెయ్యకుండా మరో డైరెక్టరీలోకి జరుపు. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తప్పక నడుపు. ఆ ఫైలు నకలు బూట్ ఇమేజిలోనూ ఉంటుంది, ఇది చెయ్యకపోతే పాత పేరే మళ్లీ రావచ్చు.

నీకు నచ్చిన పేరే ఉండాలంటే మ్యాక్ అడ్రసుతో లింక్ ఫైలు రాసుకో. ‘లాన్0’ అని పెట్టుకో, ఈత్0 అని మాత్రం పెట్టకు. కెర్నెల్ కూడా అదే పేరు పంచుతుంది, రెండూ ఢీకొంటాయి.

శనివారం పొద్దున్నే, యంత్రం పక్కన కన్సోల్ ముందు కూర్చుని చెయ్యి. టిఫిన్ తినే వెళ్లు. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.