భూమి ఉన్నవాడి సప్లిమెంటరీ

ఇద్దరూ నల్లగొండవాళ్లే, రిటైరైనవాళ్లే. ఒకాయన తహసీల్దార్‌గా పహాణీలు చూశాడు, ఇంకొకాయన హెడ్మాస్టర్‌గా హాజరుపట్టీలు చూశాడు. చిత్రంగా, తహసీల్దార్‌కు చదువు మీద గురి, హెడ్మాస్టర్‌కు భూమి మీద.

తహసీల్దార్: పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగ రెండు పనులు తలకెత్తుకున్నడు గద సారూ. 1971ల సర్వేల్‌ల గురుకులం తెరిచిండు, భూములకు పరిమితి పెడతనన్నడు. బడి నిలబడ్డది. ఆయన కుర్చీ మాత్రం 1973 జనవరిల పోయింది.

హెడ్మాస్టర్: ముల్కీ గొడవ, జై ఆంధ్ర ఉద్యమం గూడ ఉన్నయి గద. అన్నీ భూమి మీదికే తోస్తే ఎట్ల?

తహసీల్దార్: సరే. చట్టమైతే ఆ ఏడే వచ్చింది. తరి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి 35 నుంచి 54. ఇగ చుట్టాల పేర్ల మీద పట్టాలే పట్టాలు. బడికి ఆ బాధ లేదు. ఎవరి సర్వే నంబర్ల నుంచీ గుంట తీసేది లేకపాయె.

హెడ్మాస్టర్: అందుకే దొరలు ఊకున్నరు. గురుకులం చేసిన అసలు మేలు పాఠం కాదు సాబ్, పిల్లగాన్ని ఊరు దాటించుడు. ఊర్లెనే ఉంటే తండ్రి అప్పు కింద దొర పశువుల కాడ జీతముండేటోడు. వెట్టి రద్దు చట్టం వచ్చిందే 1976ల.

తహసీల్దార్: మరి చదువు గెలిచినట్టే గద!

హెడ్మాస్టర్: సీటు దొరికినోళ్లకు. నా బళ్లె ఇద్దరు టెన్త్ తప్పిండ్రు. ఒకని తండ్రికి ఇరవై ఎకరాలు. సప్లిమెంటరీ తప్పిండు, మళ్లా రాసిండు, పట్నంల ట్యూషన్ పెట్టించిండ్రు, ఇంజనీరింగ్ అయింది. అమెరికా చదువుకు రోడ్డు పక్క ఎకరం అమ్మిండ్రు. రెండోవాడు కౌలుదారు కొడుకు. వారం తిరగకముందే సుతారి పనికి పోయిండు. తెలివిల తేడా నాకైతే కనబడలె.

తహసీల్దార్: ఇప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది.

హెడ్మాస్టర్: ఫీజు సర్కారు కడతది. ఆ ఏడంత ఇంటికి కూలి ఎవరు తెస్తరు?

బడి తలుపు అందరికీ తెరిచామని చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఒకసారి తప్పినవాడు మళ్లీ ఆ తలుపు దాకా రావడానికి ఏం కావాలో లెక్కకట్టినవాళ్లు తక్కువ. ఇక్కడ నా మొగ్గు హెడ్మాస్టర్ వైపే. తహసీల్దార్ మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు.

తహసీల్దార్: అయితే ఇప్పుడు భూములు పంచుమంటరా? ఈ ధరలల్ల?

హెడ్మాస్టర్: పంచకుంటే మానె. భూమి లేనోని పిల్ల తప్పితే, మళ్లా రాసే ఏడాదికి ఇంటికి పైసలియ్యాలె.

తహసీల్దార్: తప్పినోళ్లకు పైసలా! ఏ సర్కారు ఇస్తది సారూ?

హెడ్మాస్టర్: 2018ల రైతుబంధు పంటకు ఎకరానికి నాలుగు వేలిచ్చింది. పడావు భూమికి గూడ పట్టాదారు తీసుకున్నడు, దున్నిన కౌలుదారుకు రాలె. అప్పుడు ఏ పంట చూసి ఇచ్చిండ్రు సాబ్?