శిథిలానికి విలువ కట్టడం: అంతర్వేది రథం, ఓల్డ్ నంబర్ వన్, అవయవి సమస్య

2020 సెప్టెంబరు 5వ తేదీ రాత్రి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయ రథం దగ్ధమైంది. ఆరు దశాబ్దాలుగా స్వామిని మోసిన 40 అడుగుల టేకు రథం తెల్లవారేసరికి బొగ్గుగా, బూడిదగా మిగిలింది. ఆరు నెలలు తిరగకముందే కొత్త రథం సిద్ధమైంది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి నాడు, దాన్ని ప్రారంభించారు. కాలిపోయిన రథం విలువ ఎంత అన్న ప్రశ్నకు ప్రభుత్వ లెక్కల్లో సమాధానం సులభంగానే దొరుకుతుంది: కొత్తదానికి అయ్యే కలప, శ్రమ, ఇనుము వెల. అయితే ఆ వెల కొత్త రథానికి సంబంధించింది. పాత రథంలో పోయినదేమిటో, కొత్తదానిలోకి వచ్చినదేమిటో ఆ అంకె చెప్పదు. ధ్వంసమైన వస్తువుకు విలువ కట్టేవాడు నిజానికి దేనికి విలువ కడుతున్నాడన్న ప్రశ్నను రథం, మోటారు వాహనం, గ్రంథం అనే మూడు రకాల శిథిలాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మోటారు బీమా వ్యవహారంలో ఈ పనికి స్పష్టమైన పద్ధతి ఉంది. వాహనానికి ముందుగా నిర్ణయించిన బీమా విలువలో 75 శాతాన్ని మరమ్మతు ఖర్చు మించితే దాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. మిగిలిన తుక్కుకు వచ్చే ధర సాల్వేజ్. ఈ లెక్కలో ఒక తాత్త్విక ప్రతిపాదన దాగి ఉంది: వస్తువు విలువ ఏటా తరుగుతుంది, ప్రమాదం ఆ తరుగును ఒక్కసారిగా పూర్తి చేస్తుంది. రోజూ తిరిగే కారు విషయంలో ఇది న్యాయమైన లెక్కే. అయిదేళ్లు దాటిన వాహనం దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్కే తడబడి, బీమాదారు, యజమాని కూడబలుక్కుని విలువ నిర్ణయించుకోవాలంటుంది. కాలం పెరిగేకొద్దీ విలువ పెరిగే వస్తువుల ముందు అది పూర్తిగా మౌనం వహిస్తుంది.

అటువంటి వస్తువులకు ప్రసిద్ధమైన ఉదాహరణ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఎం.జి., ట్రయంఫ్, జాగ్వార్, బెంట్లీ వంటి పేర్లున్న శిథిలాలను తుక్కు ధరకు అనేక రెట్లు పెట్టి కొనేవారున్నారు. వారు కొనేది ఇనుమును కాదన్నది స్పష్టం. మరి దేనిని? బ్రిటన్ వాహన నమోదు సంస్థ చాలాకాలం పాటించిన పాయింట్ల పద్ధతి దీనికొక విచిత్రమైన సమాధానం ఇచ్చింది. పునర్నిర్మించిన వాహనం తన పాత నంబరును నిలుపుకోవాలంటే కనీసం 8 పాయింట్లు రావాలి. చట్రానికి 5, సస్పెన్షన్‌కు 2, ఇరుసులకు 2, గేర్‌బాక్సుకు 2, స్టీరింగుకు 2, ఇంజనుకు 1. ఇంజను గుండె వంటిదని సామాన్యులు అనుకుంటారు. ఈ లెక్క మాత్రం దానికి 14లో ఒక్క పాయింటే కేటాయించింది. అస్తిత్వం అస్థిపంజరంలో ఉంటుందని ఒక ప్రభుత్వ కార్యాలయం తీర్మానించిందన్నమాట. భారత ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు చేసిన నియమాలు మరో దారి పట్టాయి. 50 ఏళ్లు నిండడంతోపాటు చట్రం, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేకుండా మూలరూపంలో ఉండాలన్నాయి. బ్రిటన్ పద్ధతిలో మిగిలినది ఎంత అని అడిగితే, ఇక్కడ మారినది ఎంత అని అడుగుతారు.

ఈ సమస్య అత్యంత తీవ్రంగా న్యాయస్థానం ముందుకు వచ్చిన సందర్భం 1990లోని ఓల్డ్ నంబర్ వన్ వ్యాజ్యం. 1929, 1930 సంవత్సరాల్లో వరుసగా లె మాన్ పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు అది. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో గట్టు దాటి పడిపోగా క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. అప్పటికే దానికి వేరే ఇంజను అమర్చి ఉంది. ఆ తర్వాత శిథిలాన్ని మళ్లీ నిర్మించారు, బాడీ మార్చారు, భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి. దశాబ్దాల తర్వాత కోటి పౌండ్లకు అమ్మకం కుదిరింది. ఇది ఆ కారే కాదంటూ కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు. 1929లో గెలిచిన కారు భాగాలు దాదాపు ఏవీ మిగల్లేదని న్యాయమూర్తి ఆటన్ అంగీకరించారు. అయినా కారు ప్రామాణికమేనని, ఒప్పందం చెల్లుతుందని తీర్పు చెప్పారు. కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరుకు హక్కుదారుగా నిలిచే కారు మరొకటి లేదు అన్నవి ఆ తీర్పుకు మూలాధారాలు.

భారతీయ దర్శనాల పరిచయం ఉన్నవారికి ఈ వాదప్రతివాదాలు కొత్తవి కావు. పైగా ఇక్కడ ఆ చర్చ మొదలైంది రథంతోనే. మిలిందపఞ్హలో నాగసేనుడు రాజును అడిగే ప్రశ్నలు తెలిసినవే: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా? ఏదీ కాదు, అన్నీ కలిసీ కాదు. రథమన్నది భాగాలను ఆశ్రయించిన వ్యవహారనామం. చంద్రకీర్తి ఇదే ఉదాహరణను ఏడు విధాలుగా విశ్లేషించాడు. ఈ దృష్టిలో ఆటన్ ఎదుట ఉన్న ప్రశ్నకు లోతు లేదు. పేరు వ్యవహారంలో నిలిచినంతకాలం వస్తువు నిలిచినట్టే. న్యాయవైశేషికులు దీనికి ఒప్పుకోరు. అవయవాలకు భిన్నమైన అవయవి నిజంగా ఉందని, అది అవయవాలలో సమవాయ సంబంధంతో ఉంటుందని వారి సిద్ధాంతం. దానికి వారు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. ఒక్క అవయవం పోయినా పాత అవయవి నశించి కొత్త అవయవి పుడుతుందని వారు అంగీకరించవలసి వచ్చింది. వస్త్రం నుంచి ఒక దారం లాగితే అది వేరే వస్త్రం. అదే ఇది అన్న ప్రత్యభిజ్ఞ దీపజ్వాలలో వలె సాదృశ్యం వల్ల కలిగేది. ఈ లెక్కన 1930 నాటికే ఓల్డ్ నంబర్ వన్ ఎన్నోసార్లు చనిపోయి పుట్టింది. కోటి పౌండ్లు సాదృశ్యానికి కట్టిన వెల.

ఈ రెండు వాదాలూ శిథిలం ముందు నిలబడినవాడికి పెద్దగా సాయపడవు. ఒకటి నష్టాన్ని పలుచన చేస్తుంది, మరొకటి నష్టాన్ని నిత్యకృత్యంగా మారుస్తుంది. ఆచరణకు దగ్గరగా వచ్చినవారు మీమాంసకులు. వారికి వస్తువు సత్తాకన్నా కర్మ నిర్వహణ ముఖ్యం. సోమలత దొరకనప్పుడు పూతికను వాడవచ్చునన్న ప్రతినిధి చర్చ పూర్వమీమాంస ఆరో అధ్యాయంలో ఉంది. ద్రవ్యానికి ప్రతినిధి ఉండవచ్చు. దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. అంతర్వేదికి ఈ విభాగం చక్కగా అన్వయిస్తుంది. టేకు ద్రవ్యం, కాలితే మరో టేకు. స్వామి అతడే, భీష్మ ఏకాదశి అదే, తాడు లాగే క్రియ అదే. కాబట్టి రథోత్సవం తెగలేదు. ఇక్కడ విస్మరించరాని సూక్ష్మం ఒకటుంది. పూతికను సోమలత అని ఏ మీమాంసకుడూ అనడు. ప్రతినిధిని ప్రతినిధిగానే అంగీకరిస్తాడు.

కోనసీమలోనే దీనికి మరో కొస కనిపిస్తుంది. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశిక నీటిలోంచి భుజాల మీద దాటిస్తారు. వెదురుతో, రంగుల వస్త్రాలతో ఏటా ముస్తాబు చేసుకునే ప్రభ ఇది నిరుటిదేనా అని ఎవరూ అడగరు. పునర్నిర్మాణమే దాని స్వభావం కాబట్టి ఆ ప్రశ్న పుట్టదు. రథం అలా కాదు. అది నిలిచి ఉండడానికే చేసింది. అరవై ఏళ్ల నూనె, చేతి చెమట, చక్రాల ఒరిపిడి దాని కలపలో చేరాయి. ప్రభను చూసిన కంటితో రథాన్ని చూసి, కొత్తది వచ్చింది కదా అనడం ప్రభకు న్యాయమే గాని రథానికి కాదు.

తెలుగు సాహిత్యంలో అతి పెద్ద పునరుద్ధరణ పోతన భాగవతం. అది శిథిలమైన తీరు గురించి చెదలు అనీ, రాజాగ్రహం అనీ భిన్నమైన కథలున్నాయి. నిలిచిన వాస్తవం ఒకటే: పంచమ స్కంధం బొప్పరాజు గంగన పేర, షష్ఠం ఏర్చూరి సింగన పేర, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ పేర ఉన్నాయి. గ్రంథాన్ని మాత్రం పోతన భాగవతమనే అంటారు. ఆ పేరు అబద్ధం కాకుండా కాపాడుతున్నవి గద్యలు. పూరించినవారు తమ పేర్లు దాచుకుని ఉంటే పఠితకు గ్రంథం అఖండంగా కనిపించేది. పోతన శైలి మీద చేసే ప్రతి నిర్ణయమూ కలుషితమయ్యేది. ఎక్కడ అతుకు ఉందో తెలిసినందువల్లే మిగిలిన భాగానికి విలువ నిలిచింది.

పాత కార్ల లోకంలో జరిగే మోసం సరిగ్గా ఈ గద్యను చెరిపివేయడమే. శిథిలం నుంచి చాసిస్ నంబరు పలకను, నమోదు పత్రాన్ని తీసుకుని వేరే కారుకు తగిలిస్తారు. అప్పుడు సాల్వేజ్ అనబడేది లోహం కాదు, పేరు. ఆటన్ తీర్పు ఈ మోసానికి తలుపు తెరిచిందన్న అనుమానం రావచ్చు. అయితే ఆ కారు విషయంలో ప్రతి మార్పునూ న్యాయస్థానంలో వివరంగా విచారించగలిగారు. అతుకులన్నీ బయటపడ్డాకనే ప్రామాణికమన్న మాట వచ్చింది. పేరు కొనసాగడానికీ పేరు దొంగిలించడానికీ మధ్య తేడా మిగిలిన ఇనుము శాతంలో లేదు, మధ్యలో జరిగినదాన్ని చెప్పగలగడంలో ఉంది. శాతాలనే నమ్మిన పాయింట్ల పద్ధతి ఈ కారణంగానే అసంపూర్ణం.

దీన్నిబట్టి శిథిలానికి బీమా సర్వేయరు పట్టికలో చోటులేని మరో విలువ ఉంది. అది సాక్ష్యం. అంతర్వేది రథం ఎలా కాలిందన్న ప్రశ్న రాష్ట్రాన్ని కుదిపింది. ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వం దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించాలని నిర్ణయించింది. కలపగా ఆ బొగ్గుకు ధర లేదు. జరిగినదాన్ని చెప్పగల వస్తువుగా, ఆ నెలలో ఆ ఊరిలో అంతకన్నా విలువైనది లేదు. కొత్త రథం త్వరగా రావాలన్న కోరిక న్యాయమైనదే, ఉత్సవం ఆగకూడదు. ఆ త్వరలో పాతదాన్ని వట్టి తుక్కుగా చూడడం వేరే సంగతి. భర్తీ చేసేవాడికి శిథిలం అడ్డు, విచారించేవాడికి ఆధారం. ఒకే బూడిదకుప్ప ముందు ఈ ఇద్దరూ ఒకే రోజున నిలబడవలసి వచ్చింది.

2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశి నాడు స్వామి కొత్త రథమెక్కి బయలుదేరాడు. ఆనవాయితీ ప్రకారం ఆ ప్రయాణంలో అన్న తన సోదరి గుర్రాలక్కకు చీర, సారె ఇస్తాడు. ఆ సారె పుచ్చుకునే చోట రథం వయసు ఎంతని అడిగే ఆచారం లేదు.