ముఖము చూచి పీట వేయుదుమా?

వాక్యభాగము: యాకోబు 2:1–13



కొంతకాలము క్రిందట, ప్రభు బల్ల ఆచరించు ఒక ఆదివారము మా సంఘమునకు ఒక క్రొత్త కుటుంబము వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. శ్రీకాకుళం వైపునుండి భవన నిర్మాణపు పనికి వచ్చినవారు. శనివారపు సిమెంటు ఇంకను వారి కాళ్లకు ఉన్నది. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నవి. అయినను మాలో ఒకరు వారికి వెనుక, చెప్పులు విడుచు చోటు ప్రక్కన, చాప చూపించారు. పది నిమిషముల తరువాత కారు దిగి వచ్చిన ఒక అతిథికి మేమే లేచి కుర్చీ వేశాము. తప్పు చేసితిమని మాలో ఎవరును తలంచలేదు. మరుసటి ఆదివారము ఆ కుటుంబము రాలేదు. పని జరుగు చోటనే, రేకుల షెడ్డులో, నాలుగు కుటుంబములు కూడి ప్రార్థన చేసికొనుచున్నారని తరువాత తెలిసింది. వారు దేవుని విడువలేదు. మమ్మును విడిచారు.

ఆ తరువాత బైబిలు స్టడీలో యాకోబు పత్రిక రెండవ అధ్యాయము తెరిచినప్పుడు, మా మందిరమునే చూచి వ్రాసినట్లు అనిపించింది. బంగారు ఉంగరముతో, మెరిసే బట్టలతో ఒకడు వచ్చాడు. మాసిన బట్టలతో బీదవాడొకడు వచ్చాడు. మొదటివానికి మంచి చోటు దొరికింది. రెండవవానితో నిలబడమనియో, కాళ్ల దగ్గర కూర్చోమనియో అన్నారు. ఎవరును బీదవానిని కొట్టలేదు, తిట్టలేదు, గెంటివేయలేదు. చోటు చూపించుటలోనే పాపమున్నదని యాకోబు మనకు నేర్పుచున్నాడు.

1. పక్షపాతము అనగా నేమి?

గ్రీకు మూలములో ఇక్కడ వాడిన మాటకు "ముఖమును అంగీకరించుట" అని అర్థము. తెలుగువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ముఖము చూచి బొట్టు పెట్టుట అని మన పెద్దలు ఏనాడో అన్నారు. మొదటి వచనములో యాకోబు యేసును మహిమగల ప్రభువుగా పేర్కొనుట గమనించండి. మహిమ ఆయనది. ఉంగరపు మెరుపును చూచి మనము లేచి నిలిచినప్పుడు, ఆయనకు చెందినదానిని మరొకరికి ఇచ్చుచున్నాము. కనుక ఇది మన విశ్వాసమునకు సంబంధించిన సంగతి.

2. మరి మర్యాద చేయరాదా?

స్టడీలో ఒక సహోదరుడు అడిగారు: "ఈ మందిరానికి ఇటుకలు మోసినవారు, నలభై ఏండ్లుగా కానుకలిచ్చినవారు ఉన్నారు గదండీ. వారికి ముందు చోటు ఇవ్వడం కూడా పాపమేనా?" ఇది న్యాయమైన ప్రశ్న. వృద్ధులను లేచి గౌరవించవలెనని లేవీయకాండము 19:32 నేర్పుచున్నది. గౌరవించవలసినవారిని గౌరవించవలెనని రోమా 13:7లో పౌలు వ్రాయుచున్నాడు. అయితే అదే లేవీయకాండము 19లో, 15వ వచనము, తీర్పు తీర్చునప్పుడు బీదవాని పక్షమును గాని గొప్పవాని పక్షమును గాని వహింపరాదని రెండు వైపులా కట్టడి చేయుచున్నది. కాబట్టి క్రిస్మసుకు దుప్పట్లు పంచి, పుచ్చుకొనువారితో ఫోటో తీయించుకొనుట దీనికి పరిష్కారము కాదు. అదియు ముఖము చూచుటయే.

మర్యాదకును పక్షపాతమునకును తేడా ఎక్కడ? మాకు తోచినది ఇది. మర్యాద ఒకరికి చేసినందువలన మరొకరికి తక్కువ కాదు. ముసలి తల్లికి కుర్చీ వేస్తే ఎవరు చిన్నబుచ్చుకొందురు? పక్షపాతము అట్టిది కాదు. అది ఒకరికి వేసిన పీట మరొకరి క్రిందనుండి లాగినదే. మర్యాద ఆ మనిషి అవసరమును, అతడు చేసిన సేవను చూచును. పక్షపాతము అతనివలన మనకేమి వచ్చునో చూచును.

3. మనము ఎవరము?

1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరగారితో పై కులములవారు, మాదిగవారిని చేర్చుకొంటే మేము మీ దగ్గరకు రామన్నారు. ఆయనయు ఆయన భార్యయు వేర్వేరుగా బైబిలు తెరువగా ఇద్దరికిని 1 కొరింథీ 1:26 కనబడినదని ఆయన చరిత్రలో చదువుచున్నాము. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగము తవ్వించు కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి దొరకునట్లు చేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కరువునాటి ఆ జనుల బట్టలు ఎట్లుండెనో మనము ఊహించగలము. ఆనాడు ముఖము చూచియుంటే మనలో ఎందరము నేడు ఈ బల్ల దగ్గర ఉండేవారము?

మన తాతలును తట్ట, పార పట్టుకొని ఈ ఊళ్లకు వచ్చినవారే. మనకు రేషను కార్డు, ఇల్లు, మందిరము కలిగిన తరువాత, వెనుక వచ్చినవారిని కూలివాళ్లనుచున్నాము.

కనుక మనము ఏమి చేయుదము? క్రొత్తవారు వచ్చినప్పుడు పేరు అడిగి ప్రక్కన కూర్చుండబెట్టుకొందము. "ఏ ఊరు? ఇంటిపేరేమి? ఎవరివాళ్లు?" అని వరుసగా అడుగునప్పుడు, మనము తెలిసికొనగోరునది ఊరు కాదని మనకును తెలియును, వారికిని తెలియును. వారి యాస విని మన పిల్లలు నవ్వితే దిద్దుదము. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులలో చదివిన మన పిల్లలకు రాని తెలుగు ఆ పిల్లల నోట ఉన్నది. సండేస్కూలులో వాక్యము వారిచేత చదివించుదము.

మేము ఆలస్యముగానైనను ఆ షెడ్డుకు వెళ్లి క్షమాపణ అడిగాము. వారు తమకున్న ఒకే ప్లాస్టిక్ కుర్చీని మాలో వృద్ధురాలైన తల్లికి వేసి, మిగిలిన అందరికి గోనెపట్టాలు పరచి, తామును వాటిమీదనే మా ప్రక్కన కూర్చున్నారు. మర్యాద అనగా ఏమో ఆ సాయంకాలము నేర్చుకొన్నాము. మరల మా మందిరమునకు రండని పిలిచాము. వచ్చుట వారి ఇష్టము. చోటు సిద్ధపరచుట మా పని.

కనికరము చూపనివానికి కనికరము లేని తీర్పు కలుగునని యాకోబు ఈ భాగమును ముగించుచున్నాడు. వచ్చే ఆదివారము మన మందిరపు గుమ్మములో నిలిచినవారిని చూచినప్పుడు ఈ మాట మనకు జ్ఞాపకము వచ్చునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.