దైవం ఐదోది: ముందున్న నాలుగూ ఎవరు చేయాలి?

 

2021 జులై 12న పూరీలో రథయాత్ర జరిగింది. వరుసగా రెండో ఏడాది కూడా భక్తులు లేకుండానే. రథాలు లాగింది సేవకులు మాత్రమే. వాళ్లకైనా కరోనా నెగెటివ్ రిపోర్టో, రెండు డోసుల సర్టిఫికెట్టో ఉండాల్సి వచ్చింది. మీలో చాలామందిలాగే నేనూ ఇంట్లో టీవీ ముందు కూర్చుని దండం పెట్టుకున్నాను.

రథయాత్రకు ముందు ఆ గుళ్లో ఏం జరుగుతుందో ఎప్పుడైనా విన్నారా? జ్యేష్ఠ పౌర్ణమి నాడు మూర్తులకు కలిపి 108 కుండల నీళ్లతో స్నానం చేయిస్తారు. అన్ని నీళ్లు పోసుకున్న స్వామికి జ్వరం వస్తుంది. అప్పటి నుంచి సుమారు 15 రోజులు దర్శనం ఉండదు. ఆ రోజుల్ని అక్కడ 'అణసర' అంటారు. రోజూ పెట్టే మహానైవేద్యాలు ఆగిపోతాయి. పళ్లు, తేలికపాటి పదార్థాలు పెడతారు. ఒంటికి తైలం పట్టిస్తారు. దశమూలాలతో చేసిన మందు ఉండలు ఇస్తారు. స్వామి కోలుకున్నాకే మళ్లీ దర్శనమిచ్చి రథమెక్కుతాడు.

ఒక్కసారి ఆలోచించండి. జగత్తుకే నాథుడు. అయినా జ్వరం వస్తే పదిమందికీ దూరంగా ఉన్నాడు, తేలిగ్గా తిన్నాడు, మందు వేసుకున్నాడు. "నేను దేవుణ్ణి కదా, నాకు మందెందుకు?" అనలేదు. మరి ఆయన భక్తులమైన మనం "నాకు భక్తి ఉంది, టీకా ఎందుకు?" అని ఎలా అంటున్నాం?

ఈ ప్రశ్న మిమ్మల్ని అడిగే ముందు నన్ను నేను అడుక్కోవాలి. అందుకే ఈ రోజు ముందు ఒక తప్పు ఒప్పుకుంటాను.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో కషాయం గురించి ఒక వీడియో చేశాను. తులసి, మిరియాలు, శొంఠి, పసుపు. అంతవరకు బాగానే ఉంది. కానీ మాటల ఊపులో "ఈ నాలుగూ ఇంట్లో ఉంటే ఏ రోగమూ గడప దాటి లోపలికి రాదు" అనేశాను. చాలామంది చూశారు. విజయనగరంలో ఉన్న మా పెద్దమ్మ, పెదనాన్న కూడా చూశారు. ఇద్దరూ రోజూ రెండు పూటలా ఆ కషాయం తాగేవారు.

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. అన్నయ్య వైజాగ్ నుంచి ఫోన్ చేసి, "ఆదివారం వస్తాను, ఇద్దర్నీ తీసుకెళ్తాను" అన్నాడట. పెద్దమ్మ ఏమందో తెలుసా? "మాకెందుకురా? కషాయం తాగుతున్నాం కదా. మన బాబు వీడియోలో చెప్పాడు, గడప దాటి రాదని."

ఏప్రిల్ ఆఖర్లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. పెద్దమ్మ 11 రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చింది. పెదనాన్న రాలేదు.

టీకా వేయించుకుంటే ఆయన తప్పకుండా బతికేవారని నేను అనను. అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆయనకు అందాల్సిన ఒక రక్షణకు నా మాట అడ్డుపడింది. ఆ మాట నేను వాళ్లను ఉద్దేశించి అనలేదు, నిజమే. కానీ నమ్మేవాళ్లు వింటున్నారని తెలిసి కూడా కొలత లేకుండా మాట్లాడాను. ఆ వీడియో తీసేశాను. తీసేస్తే సరిపోదు కాబట్టి ఈ మాటలు చెబుతున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు కెమెరా ముందుకు రాలేకపోయాను. గీత తిరగేస్తూ కూర్చున్నాను. పద్దెనిమిదో అధ్యాయంలో 14వ శ్లోకం దగ్గర ఆగిపోయాను. ఎన్నోసార్లు చదివిన శ్లోకమే. ఏ పని నెరవేరాలన్నా ఐదు కారణాలు కలవాలని అక్కడ స్వామి చెబుతాడు. ఒకటి అధిష్ఠానం, అంటే ఈ శరీరం. రెండు కర్త. మూడు కరణం, అంటే రకరకాల సాధనాలు. నాలుగు చేష్ట, అంటే మన ప్రయత్నాలు. ఐదోది దైవం.

దైవం లేదని చెప్పలేదు. దైవం ఒక్కటే చాలనీ చెప్పలేదు. లెక్కపెట్టి మరీ ఐదోదన్నాడు. మనం మాత్రం ముందున్న నాలుగూ వదిలేసి నేరుగా ఐదోదాని దగ్గరికి వెళ్లి, "స్వామీ, నువ్వే చూసుకో" అంటున్నాం. దాన్ని శరణాగతి అనుకుంటున్నాం. నిజానికి అది మన పని ఆయన మీదికి నెట్టేయడం.

ఆ కరోనా కాలంలో ఆ నాలుగూ ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది శరీరం. పదిహేనో అధ్యాయంలో స్వామి ఇంకో మాట చెబుతాడు. ప్రాణుల కడుపులో వైశ్వానరాగ్నిగా ఉండి, నాలుగు రకాల అన్నాన్నీ అరిగించేది తానేనని. అంటే మీ పొట్ట కూడా ఒక హోమగుండమే. అందులో అర్ధరాత్రి బిర్యానీ, దాని మీద కూల్‌డ్రింకు వేస్తే ఆ హోమం ఎలా ఉంటుందో మీరే చెప్పండి. ఈ రోజు సైన్సు కూడా పేగుల గురించి చాలా చెబుతోంది. మన రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగుల గోడల దగ్గరే ఉంటుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు మనతో కలిసి బతుకుతున్నాయి. మనం తినేదే వాటికీ తిండి.

వాటికి మేలు చేసే తిండి కోసం ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. మా పెద్దమ్మ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి ఉంచేది. పొద్దునకి అది పులిసి చద్దన్నం అయ్యేది. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో యమునా తీరంలో కూర్చుని తిన్నది ఆ చల్దులే కదా! పెరుగు, మజ్జిగ, రాగి అంబలి, పులిసిన పిండితో ఇడ్లీ, వీటితో పాటు పప్పు, ఆకుకూర, అరటిపండు, ఒక జామకాయ. పెరుగులో మేలుచేసే సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. ఇడ్లీ ఉడికేటప్పుడు అవి చచ్చిపోయినా, పిండి పులిసింది కాబట్టి తేలిగ్గా అరుగుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పీచు పేగుల్లోని సూక్ష్మజీవులకు ఆహారం. శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన గిన్నె మాత్రం మర్చిపోవద్దు.

ఇవన్నీ ఒంటిని గట్టిగా ఉంచుతాయి. అంతవరకే. చద్దన్నం తింటే కరోనా రాదని చెబితే నేను మళ్లీ పాత తప్పే చేసినవాణ్ణి అవుతాను.

రెండోది కర్త. అంటే మీరు, నేను. కర్త నిజాయితీగా ఉండాలి. జ్వరం వస్తే "మామూలు జలుబే" అని గుడికి, పెళ్లికి వెళ్లకుండా టెస్టు చేయించుకోవాలి. వాట్సాప్‌లో వచ్చింది కదా అని అమ్మానాన్నలకు ఫార్వర్డ్ చేసే ముందు ఆగాలి. మనం పంపింది వాళ్లు నమ్ముతారు, ఎందుకంటే పంపింది మనం. ఇది నాకు ఎలా తెలిసిందో ఇందాకే చెప్పాను.

మూడోది కరణం, సాధనం. శ్లోకంలో దీనికి 'పృథగ్విధం' అనే విశేషణం ఉంది. అంటే వేర్వేరు రకాలు. ఒక్కో సాధనానికి ఒక్కో పని. గరిటె పని కత్తి చేయదు. ఇక్కడే మనం తడబడుతున్నాం.

టీకా పని ఏమిటి? శత్రువు రాకముందే ఒంటికి వాడి ముఖం చూపించడం. మన హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో ఉండేది చంపేసిన వైరస్. అది రోగం తెప్పించలేదు, కానీ దాన్ని చూసి ఒళ్లు నేర్చుకుంటుంది. పుణెలో తయారైన కోవిషీల్డ్ ఇంకో దారిలో అదే పాఠం చెప్పింది. టీకా వేసుకున్నాక ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, జ్వరం రావచ్చు. పాఠం నేర్చుకుంటున్న ఒంటికి అది మామూలే. టీకా తర్వాత కూడా కరోనా రావచ్చు, కాబట్టి అప్పట్లో మాస్కు ఉండాల్సిందే. కానీ జబ్బు ముదిరి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. కషాయం ఈ పని చేయలేదు. విటమిన్ బిళ్లా చేయలేదు.

మరి విటమిన్ బిళ్ల పని ఏమిటి? లోటు ఉంటే పూడ్చడం. ఇక్కడ మన తెలుగువాడు ఒకాయన్ని తలుచుకోవాలి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని అక్కడివాళ్లే సలహా ఇచ్చారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు వెంటవెంటనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, మనిషి శుష్కించిపోతాడు. ఆయనకూ వచ్చింది. ఆయుర్వేదం తెలిసిన ఆచంట లక్ష్మీపతిగారి వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి, అక్కడ తన బృందంతో కలిసి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశారు. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన ఆ స్ప్రూ జబ్బుకు అది మందయింది. ఈ రోజు గర్భిణులకు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ బిళ్ల అదే.

ఆయన జీవితంలో భక్తి ఉంది, ఆయుర్వేదం ఉంది, ప్రయోగశాల ఉంది. ఒకటి పట్టుకోవడానికి ఇంకోటి వదల్లేదు. ఇంకో విషయం కూడా గమనించండి. ఫోలిక్ యాసిడ్ అద్భుతంగా పనిచేసింది, లోటు ఉన్న చోట. లోటు లేని ఒంటిలో గుప్పెడు బిళ్లలు వేస్తే మేలు రెట్టింపు కాదు. వారానికి ఒకటని డాక్టర్లు రాసే 60 వేల యూనిట్ల విటమిన్ డి, కొందరు రోజూ వేసుకున్నారని విన్నాను. అది ఒంట్లో పేరుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. జింక్ నెలల తరబడి మోతాదుకు మించి వాడితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. టెస్టు చేయించుకోండి, డాక్టర్ చెబితేనే వేసుకోండి, చెప్పినన్ని రోజులే వేసుకోండి.

నాలుగోది చేష్ట. తెలిసింది చేయడం. స్లాట్ బుక్ చేయడం, లైన్లో నిలబడటం, టీకా తర్వాత అక్కడే అరగంట కూర్చోవడం, రెండో డోసు తేదీ మర్చిపోకుండా వెళ్లడం. తొలి ఏకాదశి ఉపవాసం ఉందని డోసు వాయిదా వేశానని ఒక తమ్ముడు నాకు చెప్పాడు. నాన్నా, ఉపవాసం మంచిదే. కానీ ఆరో అధ్యాయంలో స్వామి, అతిగా తినేవాడికీ యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదు అన్నాడు. ఏకాదశి పదిహేను రోజులకోసారి వస్తుంది. టీకా రోజున కడుపునిండా తిని, నీళ్లు తాగి వెళ్లు. ఆ రోజుకి అదే నీ వ్రతం. పాత జబ్బులున్నా, మందులు పడకపోవడం ఉన్నా ముందు డాక్టర్‌ని అడుగు.

ఈ నాలుగూ చేశాక, అప్పుడు ఐదోదాని దగ్గరికి వెళ్దాం. ఖాళీ చేతులతో కాదు, పని చేసిన చేతులతో దండం పెడదాం. అన్నీ చేసినా ఒక్కోసారి మనిషి దక్కడు. ఆ దుఃఖాన్ని మోయడానికి దైవం కావాలి. కానీ చేయగలిగింది చేయకుండా పోగొట్టుకుంటే, ఆ బరువు వేరు. అది మోస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఆ మధ్య పెద్దమ్మతో మాట్లాడాను. క్షమించమని అడగాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను, ఆ రోజు అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీ ఒక్కడి తప్పేటుందిరా? నాకు బుద్ధి ఉండొద్దా?" అంది. చిన్నప్పుడు తన చేతికి వేసిన మశూచి టీకా గురించి చెప్పింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తే పిల్లల్ని అటకల మీద దాచేవారట కొందరు. మా అమ్మమ్మ మాత్రం పొద్దున్నే పైడితల్లి అమ్మవారికి మొక్కుకుని, ఆ చేత్తోనే కూతుర్ని తీసుకెళ్లి టీకా వేయించిందట. "మా అమ్మకి చదువు లేదు. అయినా రెండూ చేసింది. నేను ఒకటే చేశాను" అంది పెద్దమ్మ.

1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అమ్మవారి గుడి మాత్రం అలాగే ఉంది, జాతర జరుగుతూనే ఉంది. టీకా వల్ల అమ్మవారికి వచ్చిన లోటేమీ లేదు.

కరోనా తగ్గాక మూడు నెలలు ఆగాలన్నారు కాబట్టి, పెద్దమ్మ 2021 ఆగస్టులో మొదటి డోసు వేయించుకోవాలనుకుంది. నేనే వచ్చి తీసుకెళ్తానన్నాను. ముందు గుడికి, తర్వాత టీకా సెంటరుకి.

 ఈసారి పూజ గదిలో సంకల్పం చెప్పుకునేటప్పుడు మీ ఇంట్లో ఎవరికి డోసు మిగిలి ఉందో గుర్తు చేసుకోండి. అమ్మానాన్న, అత్తామామ, పనిమనిషి, వాచ్‌మన్. ఒక్కరికైనా తోడుగా వెళ్లండి. ఆ పుణ్యం మీ పూజకు కలుస్తుంది.

జగన్నాథుడు మనందరికీ ఆరోగ్యం ఇవ్వాలని కోరుకుంటూ, శుభం.