ముప్పది యేండ్లు అడిగిన విధవరాలు



లూకా సువార్త 18వ అధ్యాయములోని విధవరాలిని మీరెరుగుదురు. దైవభీతి గాని లోకలజ్జ గాని లేని ఒక న్యాయాధిపతి యొద్దకు ఆమె మాటిమాటికి పోయి తనకు న్యాయము చేయుమని అడిగెను. ఎన్ని నెలలు తిరిగెనో, ఎన్ని ఏండ్లు తిరిగెనో సువార్తికుడు వ్రాయలేదు. ఆమె తిరుగుచుండగా ఇంటియొద్ద పిల్లలకు ఎవరు అన్నము పెట్టిరో అదియు వ్రాయలేదు. విసుగక ప్రార్థన చేయవలెనని ప్రభువు ఈ ఉపమానము చెప్పెను గనుక మనము ప్రార్థనను గూర్చియే దానిని చదువుదుము. అయితే ఆ విధవరాలు అడిగినది గుడిలో కాదు, కచేరీలో. ఈ సంగతి మనకు అంతగా జ్ఞాపకమునకు రాదు.

మన గ్రామములలో ఒక మనుష్యుని చంపిన పిమ్మట ఏమి జరుగునో మీకు తెలియును. మొదటి దినములలో ఇల్లంతయు జనమే. జ్ఞాపకార్థ కూటము జరుగును, పాటలు పాడుదురు, భోజనములు పెట్టుదురు. తరువాత పోలీసులు, వకీలు, వాయిదాలు. రెండవ యేటికి పెద్దమనుష్యులు వచ్చి అరుగు మీద కూర్చుండి, “పోయినవాడు తిరిగి వచ్చునా అమ్మా? ఎంతకాలమని కోర్టు చుట్టు తిరిగెదవు? రాజీపడుము” అందురు. ఈ మాటను ఆ తల్లి ఎట్లో ఓర్చుకొనును. సంఘములోని వారు వచ్చి, “నీవు విశ్వాసివి గదా! తీర్పు దేవునికి విడిచిపెట్టి క్షమించుము” అని చెప్పినప్పుడు మాత్రము ఆమెకు జవాబు దొరకదు. మొదటివారు ఆమెకు ఖర్చును చూపిరి. రెండవవారు ఆమె అడుగుటనే పాపముగా చేసిరి.

న్యాయము అడుగుట పగపట్టుటయేనా? నేనైతే కాదనుకొనుచున్నాను. ఎందుకో చెప్పుటకు ముందు ఒక కుటుంబపు సంగతి మీకు వినిపింతును. అది మన దేశపుది కాదు, అమెరికా దక్షిణ భాగమందలి మిసిసిపీ రాష్ట్రపుది.

మెడ్గర్ ఎవర్స్ అను నల్లజాతివాడు 1925లో ఆ రాష్ట్రములో పుట్టెను. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికుడై ఐరోపాకు పోయి తన దేశము పక్షమున సేవచేసెను. తిరిగి వచ్చి 1946లో వోటు వేయబోగా ఆయుధములు పట్టిన తెల్లవారు అడ్డగించి పంపివేసిరి. 1954లో రాష్ట్ర విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదువుటకు దరఖాస్తు పెట్టగా చేర్చుకొనలేదు. ఆ యేటి చివరనే అతడు నల్లజాతి ప్రజల హక్కుల కొరకు పనిచేయు జాతీయ సంఘమునకు మిసిసిపీలో కార్యదర్శి ఆయెను. వోటర్లను చేర్పించుట అతని పని. హత్యలను గూర్చి విచారించుటయు అతని పనియే. 1955లో ఎమ్మెట్ టిల్ అను 14 ఏండ్ల బాలుని చంపినప్పుడు, మెడ్గర్ పొలములో కూలిచేయువాని బట్టలు తొడుగుకొని తోటలవెంట తిరిగి సాక్షులను వెదకెను. పరాయివారి బిడ్డ చావునకు సాక్ష్యము వెదకిన మనుష్యుడని గుర్తుంచుకొనుడి.

1963 జూన్ 11 రాత్రి అధ్యక్షుడు కెన్నెడీ నల్లవారి హక్కులను గూర్చి దేశమంతటికి మాటలాడెను. మెడ్గర్ భార్య మిర్లీ, ముగ్గురు పిల్లలు ఆ ప్రసంగము విని తండ్రి కొరకు మేలుకొనియుండిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట అతని కారు జాక్సన్ పట్టణములోని ఆ ఇంటి ముందు ఆగెను. కారు దిగినంతనే ఆవలి పొదలలోనుండి ఒక తూటా వచ్చి అతని వీపున దూరి, రొమ్మున వెలువడి, కిటికీ అద్దమును, గోడను దాటి వంటగది వరకు పోయెను. ఇటువంటి శబ్దము వినబడినయెడల నేల మీద పడుకొనవలెనని ఆ తండ్రియే పిల్లలకు నేర్పియుండెను. వారు అట్లే పడుకొనిరి. తరువాత బయటికి పరుగెత్తిపోయి, నాయనా లేవుమని బ్రతిమాలిరి. అప్పటికి అతని వయస్సు 37 ఏండ్లు.

తుపాకి ఆ పొదలలోనే దొరికెను. దాని దుర్భిణి మీద వ్రేలిముద్ర యుండెను. ఆ వ్రేలిముద్ర బైరన్ డి లా బెక్‌విత్ అను, ఎరువులు అమ్ముకొను ఒక తెల్లవానిది. ఇంత స్పష్టముగా దొరికినప్పుడు ఇంకేమి కావలెను అందురు గదా! అక్కడ నేరము రుజువైనదో లేదో చెప్పువారు జ్యూరీ యను 12 మంది పౌరులు. వారందరును ఏకాభిప్రాయముగా చెప్పవలెను. 1964లో ఫిబ్రవరిలో ఒకమారు, ఏప్రిల్‌లో మరియొకమారు విచారణ జరిగెను. రెండుమారులును జ్యూరీలో 12 మంది తెల్ల పురుషులే. రెండుమారులును వారు ఏకాభిప్రాయమునకు రాలేదు. విచారణ జరుగుచుండగా ఆ రాష్ట్రపు మాజీ గవర్నరు కోర్టులోనికి వచ్చి అందరు చూచుచుండగా ముద్దాయితో చేయి కలిపెను. బెక్‌విత్ ఇంటికి పోయెను. 1967లో లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఎన్నికలలో నిలువబడెను కూడ. 1969లో అతని మీది అభియోగమునే తీసివేసిరి.

ఆ విధవరాలు ఏమి చేసెను? పిల్లలను తీసికొని కాలిఫోర్నియాకు పోయెను. చదువు మానుకొనిన చోట మరల మొదలుపెట్టి 1968లో పట్టము పుచ్చుకొనెను. ఉద్యోగము చేసెను, పిల్లలను పెంచెను, కొన్నేండ్లకు మరల వివాహము చేసికొనెను. ఆమె కూర్చుండి ఏడ్చుచు కాలము గడపలేదు. అయినను మిసిసిపీ నుండి వచ్చువారిని అడుగుచుండెను: ఏమైన తెలిసినదా? ఎవరైన నోరు విప్పిరా? ఆమె మొదటి విచారణలోని సాక్ష్యముల నకలు ఒకటి తనయొద్ద భద్రముగా దాచుకొనెను. ఆ కాగితముల కట్టను గూర్చి మరల చెప్పెదను.

1989లో జాక్సన్ పట్టణపు వార్తాపత్రిక క్లారియన్ లెడ్జర్ ఒక సంగతి బయటపెట్టెను. నల్లవారిని తెల్లవారిని వేరుగా ఉంచుటకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే ప్రజల సొమ్ముతో నడిపిన ఒక కమిషను, రెండవ విచారణలో జ్యూరీ సభ్యులను ఏరుకొనుటకు ముద్దాయి పక్షమునకు లోలోపల సహాయము చేసినదట. మిర్లీ వెంటనే ప్రభుత్వ న్యాయవాదులను మరల విచారణ జరుపుమని అడిగెను. బాబీ డిలాటర్ అను న్యాయవాది ఆ పనికి పూనుకొనెను. చూడగా కోర్టులో పాత విచారణ కాగితములు లేవు! శవపరీక్ష నివేదిక లేదు. తుపాకి లేదు. తుపాకి చివరకు, మరణించిన ఒక న్యాయాధిపతి ఇంటిలో దొరికెను. ఆయన డిలాటర్ మామగారే. సాక్ష్యముల నకలు ఎక్కడ దొరికెను? ఆ విధవరాలి యొద్ద. కచేరీ పోగొట్టుకొనిన దానిని ఇల్లాలు దాచెను.

1994 ఫిబ్రవరి 5న, 8 మంది నల్లవారును 4గురు తెల్లవారును కూడిన జ్యూరీ బెక్‌విత్ నేరస్థుడని చెప్పెను. యావజ్జీవ శిక్ష విధింపబడెను. తానే చంపితినని అతడు ఏండ్ల తరబడి గొప్పలు చెప్పుకొనగా వినినవారు సాక్ష్యమిచ్చిరి. హత్యకును ఆ తీర్పునకును నడుమ 30 ఏండ్ల 8 నెలలు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము.

మిర్లీ తన మనస్సులోని ద్వేషమును లోకమునకు దాచలేదు. ఆ రాత్రి తరువాత చాలకాలము అది తనలో ఉండెనని బహిరంగముగానే చెప్పెను. అయితే ఆమె అడిగినదేమి? విచారణ. తుపాకి అడుగలేదు, అతని పిల్లల మీద పగ అడుగలేదు. పగపట్టినవాడు సాక్ష్యమును లక్ష్యపెట్టడు; వానికి మనిషి కావలెను. న్యాయము కోరినవారు కాగితము దాచుకొందురు, ఎదుటివానికి వకీలు ఉండుటను ఒప్పుకొందురు, తీర్పు తమకు వ్యతిరేకముగా వచ్చినను నిప్పు పెట్టరు. ఆమెకు రెండుమారులు తీర్పే రాలేదు.

క్షమింపుమని చెప్పువారిని నేనొక మాట అడుగుదును. నాకు జరిగిన దానిని నేను క్షమింపగలను. అది నాకు ఆజ్ఞ కూడ. చంపబడినవాని పక్షమున క్షమించు అధికారము నాకెవరిచ్చిరి? హేబెలు రక్తము నేలనుండి మొఱ్ఱపెట్టగా దేవుడు దానిని ఊరకుండుమనలేదు. నీ తమ్ముడెక్కడ అని కయీనును విచారించెను. మరియొక సంగతి. విడిచిపెట్టబడిన బెక్‌విత్ ఊరకుండెనా? 1973లో న్యూ ఆర్లియన్స్ దాపున అతని కారులో బాంబు దొరికెను. ఒక యూదుల నాయకుని చంపుటకు పోవుచుండెనని ఆరోపణ; ఆ వ్యవహారములో నేరము రుజువై మూడేండ్ల దగ్గర జైలులో ఉండెను. కాబట్టి 1964లో ఆ విధవరాలు అడిగిన న్యాయము ఆమె కొరకు మాత్రమే కాదు. ఎక్కడో ఉన్న మరియొక ఇల్లాలి కొరకు కూడ.

1994లో కొందరు వేరొక మాట అనిరి: ముద్దాయి 73 ఏండ్ల ముసలివాడు, ఇప్పుడెందుకు? ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఆలస్యమైన విచారణలో సాక్షులు చనిపోవుదురు, జ్ఞాపకములు చెడును. ముద్దాయికిని త్వరగా విచారింపబడు హక్కు ఉన్నది. అతని వకీళ్లు అదే వాదించిరి. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము 1997లో ఆ వాదమును త్రోసివేసి శిక్షను ఖాయపరచెను. అతడు 2001లో 80 ఏండ్ల వయస్సున మరణించెను. నాకు తోచినదేమనగా, అతని వృద్ధాప్యమును చూచి జాలిపడువారు 37 ఏండ్లకే ఆగిపోయిన వానిని కూడ ఒకమారు లెక్కలో వేయవలెను.

డిలాటరును గూర్చి కూడ చెప్పకపోయినయెడల సంగతి సగమే చెప్పినట్లగును. ఆయన తరువాత న్యాయాధిపతి ఆయెను. ఒక లంచపు వ్యవహారములో విచారణాధికారులకు అబద్ధము చెప్పితినని 2009లో ఒప్పుకొని తానే జైలుకు పోయెను. ఇది వినినప్పుడు మనస్సు కలుక్కుమనును. అయితే ఉపమానములోని న్యాయాధిపతి కూడ మంచివాడని ప్రభువు చెప్పలేదు గదా! ఆ విధవరాలు మంచివాడు దొరకువరకు ఆగియుండినయెడల కచేరీ గడపయే తొక్కకపోవును.

మీ సంఘములో అటువంటి కుటుంబమొకటి ఉండవచ్చును. వాయిదాకు పోవు దినమున ఆ తల్లి తోడులేక బస్సు ఎక్కుచున్నదా, చూడుడి. మొదటి నివేదిక నకలు, శవపరీక్ష కాగితము, సమనులు, వకీలు ఇచ్చిన రసీదులు ఒక రేకు పెట్టెలో చెదలు పట్టకుండ ఉన్నవో లేవో చదువు వచ్చిన యౌవనస్థులు చూడవచ్చును. ప్రార్థన కూటములో ఆమె పేరు ఎత్తుట సరియే. కోర్టు వరండాలో ఆమె ప్రక్కన కూర్చుండుటకు మనకు ఎందుకు కష్టముగా ఉండునో ఆలోచింపుడి.

తీర్పు వచ్చినను ఆ ముప్పది యేండ్లు తిరిగి రాలేదు. 1994లో న్యాయము గెలిచినదని పండుగ చేసికొనిన వారిలో కొందరు ఈ మాట మరచిరి. మిర్లీ మరువలేదనుకొందును. 2013 జనవరి 21న అధ్యక్షుడు ఒబామా రెండవమారు ప్రమాణము చేసినప్పుడు, దేశమంతయు వినుచుండగా ప్రారంభ ప్రార్థన చేసినది ఆమెయే. అప్పటికి ఆమెకు 79 ఏండ్లు.

ఆ కుటుంబములో చిన్నకుమారుని సంగతి ఒకటి మిగిలినది. తండ్రి చనిపోయినప్పుడు వానికి మూడేండ్లు. తండ్రి ముఖము గుర్తులేదు. శవపరీక్ష నివేదిక పోయినది గనుక 1991లో ఆర్లింగ్టన్ సైనిక శ్మశానములోని సమాధి త్రవ్వి మరల పరీక్ష చేయవలసి వచ్చెను. పూర్వము సౌలు ఉపపత్ని రిస్పా తన బిడ్డల దేహములను పక్షులు ముట్టకుండ కాచినట్లు, ఆ కుటుంబమునుండి ఒకరు దేహము ప్రక్కన ఉండవలెనని ఈ కుమారుడు పోయెను. పెట్టె మూత తీయగా 28 ఏండ్ల తరువాత కూడ దేహము చెడిపోక ఆశ్చర్యముగా నిలిచియుండెను. అప్పుడు 31 ఏండ్ల వయస్సున అతడు తన తండ్రి ముఖమును చూచెను.