అద్దెకున్నవాడికి ఊరు ఉందా?

విశాఖలో ఏ కొండవాలు బస్తీకైనా సర్వేకి వచ్చినవాళ్లు ముందు పట్టా అడుగుతారు. అది లేకపోతే ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు. ఇవన్నీ ఇంటివాళ్ల పేరు మీద ఉంటాయి. అదే ఇంటి వెనకగదిలో పాడేరు నుంచో ముంచంగిపుట్టు నుంచో వచ్చి పదేళ్లుగా అద్దెకుంటున్న మన తాపీ కూలీ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. బస్తీ కూల్చి అంతస్తులు కట్టేటప్పుడు అతన్ని ఇల్లు పోగొట్టుకున్నవాడిగా లెక్కవేయరు. అద్దెకున్నాడు, ఖాళీ చేశాడు, అంతే.

ఈ నగరం మనుషుల్ని కదిలించడం కొత్త కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. నిర్వాసితులకు ఆర్-కార్డులు ఇచ్చారు. ఉద్యోగం కోసం ఆ కార్డు పట్టుకుని ఏళ్లతరబడి తిరిగినవాళ్లున్నారు. అసలు కార్డే రాని పాలేర్ల సంగతి అడిగినవాళ్లు తక్కువ. 2005లో జెఎన్‌ఎన్‌యుఆర్‌ఎమ్ వచ్చాక బస్తీవాళ్లకు ఇళ్లు మధురవాడ, కొమ్మాది వైపు కట్టారు. గోడలు గట్టివే కావచ్చు. కానీ తెల్లారకుండా ఎంవీపీ కాలనీలో అంట్లు తోమాల్సిన ఆడమనిషికి ఇల్లంటే గోడలు కాదు, పనికి నడిచిపోగలిగిన దూరం. 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో విశాఖ చేరాక నగరం మధ్యలో జాగా విలువ ఇంకా పెరిగింది, పేదవాడి గది మీద కన్ను కూడా పెరిగింది.

చట్టం ఏమంటుంది? 1981లో బొంబాయి పేవ్‌మెంట్ల మీది గుడిసెలు పీకేస్తే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1985లో ఓల్గా టెల్లిస్ తీర్పు వచ్చింది. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనంది. మన పాఠాల్లో ఇక్కడితో ఆపేస్తాం. తీర్పు ఇంకా ఉంది. వానాకాలం అయ్యాక ఖాళీ చేయించవచ్చంది. 1976 లెక్కల్లో గుర్తింపు కార్డు దొరికినవాళ్లకు వేరే జాగా చూపమంది. హక్కు అందరికీ, జాగా మాత్రం కార్డు ఉన్నవాడికి!

2013 భూసేకరణ చట్టం కొంత నయం. భూమి లేకపోయినా మూడేళ్లుగా ఆ నేల మీద బతికిన కౌలుదారుని, కూలీని నష్టపోయిన కుటుంబం కింద చేర్చింది. పట్టణంలో మూడేళ్లకు తక్కువ కాకుండా కాపురమున్న కుటుంబాన్నీ చేర్చింది. కానీ బస్తీ చాలాచోట్ల ప్రభుత్వ స్థలంలోనే ఉంటుంది. ప్రభుత్వం తన స్థలాన్ని తాను సేకరించుకోదు కదా! ఆ దారిలో ఈ చట్టం అక్కరకు రాదు.

విశాఖలో డిగ్రీ చదివే మన కుర్రాడొకడు నన్ను నిలదీశాడు: "మాస్టారూ, ఏజెన్సీలో బయటివాడికి భూమి చెల్లదంటాం, 1/70 అంటాం. ఇక్కడ మనమే బయటివాళ్లం. ఏ మొహం పెట్టుకుని హక్కు అడుగుతాం?"

దాటవేసే ప్రశ్న కాదిది. 1/70 అడ్డుకునేది మనిషి రాకను కాదు, భూమి చేతులు మారడాన్ని. డబ్బున్నవాడు కొన్నంత మాత్రాన షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి నేల వాడిది కాదంటుంది. 1997 సమతా తీర్పు మన అనంతగిరి మండలం బొర్రా గనుల మీద వచ్చిందే. ప్రభుత్వ భూమైనా సరే, ప్రభుత్వం గిరిజనేతరుడికి లీజుకివ్వకూడదంది. కొనగలగడం ఒక్కటే హక్కు కాకూడదన్నది వీటి లోపలి మాట. బస్తీలో అద్దెకున్నవాడు అడిగేదీ అదే. వాడు ఎవరి నేలనూ కొనడానికి రాలేదు, పని చేసుకుని బతకడానికి వచ్చాడు. మన సంతలో గుడారం వేసుకున్న షావుకారికీ వీడికీ తేడా తెలియనంత అమాయకులం కాము.

చిక్కంతా బస్తీ సంఘంలోనే ఉంది. పోరాడే సంఘాల్లో సభ్యత్వం ఎక్కువగా ఇల్లున్నవాళ్లదే. వాళ్లనూ తప్పుపట్టలేం. ఆ ఒక్క గది అద్దె మీదే బతికే వితంతువులున్నారు. ఇంటికొక ఫ్లాటు ఇస్తామని అధికారి అన్నప్పుడు ఆమె సంతకం పెడుతుంది. ఆమె సంతకంతో వెనకగదివాడు రోడ్డున పడతాడు. ఫ్లాటు ఆమెకే దక్కాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ అద్దెదారులకు ఎక్కడ, ఎంత అద్దెకు చోటిస్తారో రాతలో వచ్చేదాకా ఒక్కరూ సంతకం పెట్టకూడదని సంఘం తీర్మానించుకోవాలి. కూల్చేవాడికి కావలసింది ఒక్కొక్కరి సంతకం విడివిడిగా. మొత్తం బస్తీ సంతకం ఒక్కసారిగా అడగడం వాడికి కష్టం.

కాగితం లేనివాడు ఉన్నాడని ఎలా చూపాలి? మనకు తెలిసిన దారి ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింది నిబంధనల్లో ఇల్లు, బావి, శ్మశానం కూడా రుజువులే. ఊరి పెద్దల మాట రాసి పెడితే అదీ రుజువే. పోడు పట్టాల కోసం మన తాతలు ఇలాగే చెప్పారు: "ఈ చెట్టు వీడి నాన్న పెట్టాడు." నోటిమాటను కాగితం చేయడం మనకు కొత్త విద్య కాదు. బొంబాయిలోనూ 1985లో పేవ్‌మెంట్ ఆడవాళ్లు స్పార్క్ సంస్థతో కలిసి తమ లెక్క తామే తీసుకున్నారు.

విశాఖలో చదువుకునే మన పిల్లలకు ఇదేం పెద్ద పని కాదు. ఒక లాంగ్‌బుక్, నాలుగు ఆదివారాలు. ఇంటివాళ్ల పేరు, అద్దెదారు పేరు, ఏ ఊరినుంచి, ఎన్నేళ్లుగా, పిల్లలు ఏ బడిలో, పని ఎంత దూరం. చివరి గడి సాక్షి సంతకానికి. ఆ గడిలో మొదటి సంతకం ఇంటివాళ్లనే అడగండి. కొందరు జంకుతారు, రేపు వీడు గది ఖాళీ చేయడేమోనని. ఆ భయం ముందు కూర్చుని మాట్లాడాలి. అందుకు నాలుగు ఆదివారాలు చాలకపోవచ్చు.