అద్దె ఋణము – ఆదుకొను ధర్మము

తిరుమలకేగు భక్తులు మొదట స్వామిపుష్కరిణీ తీరమున వెలసిన వరాహస్వామిని సేవించి, పిమ్మట శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయము. దీనికి మూలమైన గాథ ప్రసిద్ధము. వైకుంఠమును వీడి వచ్చిన శ్రీహరి నివాసమునకై క్షేత్రాధిపతియగు వరాహస్వామిని స్థలమర్థించెను. స్వామి మూల్యమడిగెను. ధనము లేదని శ్రీనివాసుడు దాపరికము లేక పలికి, తొలి దర్శనము, తొలి పూజ, తొలి నైవేద్యము ఆయనకే జరుగునని మాట యిచ్చెను. నూరడుగుల నేల లభించెనని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నేటికిని చెల్లుచున్నది.

సకల లోకములకు ఆశ్రయమైనవాడే ఆశ్రయమును యాచించినప్పుడు, రోగముచేతనో జీవనోపాధి పోవుటచేతనో అద్దె చెల్లింపలేని గృహస్థు సాయమర్థించుట అవమానమగునా? కాదు. కాని అడుగుటకును ఒక ధర్మము కలదు. సిగ్గుచే గడువు దాటువరకు దాచి, అధికవడ్డీకి అప్పుచేసి, ఇల్లాలి పుస్తెలు తాకట్టుపెట్టువారు పెక్కుమంది. గడువునకు ముందే ఉన్న స్థితిని యథార్థముగా చెప్పుట, ఈయగలిగిన దానికే మాట యిచ్చుట, ఇచ్చిన మాటను నిలుపుకొనుట – ఈ మూడును శ్రీనివాసుడు ఆచరించి చూపిన మార్గములు.

ఇచట మరొక విశేషము గమనింపదగును. ఇరువురును ఒకే తత్త్వమైనను వరాహస్వామి మూల్యమడుగక మానలేదు. కావున అద్దె అడుగుట అధర్మము కాదు. ఒక గది అద్దెతోనే పొట్టపోసుకొను వృద్ధురాలు ఇంటి యజమానురాలైనచో, ఆమెను ఓర్చుకొమ్మనుట ఒకరి కష్టమును మరొకరి నెత్తిన మోపుటయే. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, కార్మికులను ఒక నెల అద్దె అడుగరాదని యజమానులను ఆదేశించెను. ఆపత్కాలమున అది అవసరమే. అయినను అట్టి వృద్ధురాలి యింట పొయ్యి వెలుగుటెట్లు? ఆ భారమును ఇరుగుపొరుగువారును, బంధువులును, సజ్జనులును పంచుకొనవలెను.

ఇచ్చువారికి కుచేలోపాఖ్యానమే ఆదర్శము. కుచేలుడు నోరు తెరచి యడుగలేదు. శ్రీకృష్ణుడు గ్రహించెను. కొలువులో పదిమంది యెదుట చేతికేమియు నీయలేదు. మిత్రుడు ఇల్లు చేరునప్పటికి ఐశ్వర్యము అచట నిలిచియుండెను. అట్లే అద్దె సొమ్మును సరాసరి యజమానికి ముట్టజెప్పి, ఆ సంగతి వీధిలో చాటకుండుట ఉత్తమము. ప్రత్యుపకారమును కోరక, దేశకాలపాత్రములెరిగి యిచ్చునదే సాత్త్విక దానమని గీత పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. నెల మొదట అద్దెకు తడుముకొను కుటుంబముకన్న తగిన పాత్రము, తగిన కాలము వేరే యేమి కావలెను?

వరాహస్వామి సన్నిధిలో చేతులు జోడించు భక్తుడు తన వీధిలో ఇల్లు ఖాళీచేయవలసిన స్థితిలోనున్న కుటుంబమును ఒక్కసారి స్మరించుగాక. ఆ యింటి దీపము ఆరకుండ కాపాడుటయు శ్రీనివాసుని సేవయే.